విశ్రాంతి గృహంలో స్పానరు చప్పుడు

నవ్వుకుందామని కూర్చున్నావు కదా, ముందు ఆ నవ్వు ఆపు. బండి చెడితే ఊళ్లో ఉన్న షెడ్లన్నీ తిరిగి, అందరినీ తిట్టి, ఇంటికొచ్చి లోకం పాడైపోయిందని అరిచేది నువ్వే. ఏ షెడ్డుకు ఏ బోర్డు ఉండాలో పెద్దలు తీర్మానించిన రోజున, సంగతేమిటో అడగకుండా చప్పట్లు కొట్టిందీ నువ్వే. ఈ కథ పక్కవాడికి కాదు. నీకే.

పెద్ద అడవి ఒకటి ఉండేది. దాని మధ్యలో ఒక ఘాట్ రోడ్డు. కలప కాంట్రాక్టర్లు ఎప్పుడో వదిలేసి పోయిన జీపులు, ఆటోలు, ట్రక్కులు అక్కడి జంతువుల పాలయ్యాయి. దేవుడిచ్చిన కాళ్లుండగా వాటికి చక్రాలు ముద్దొచ్చాయి. అది వేరే పాపం, ఇప్పుడు దాని జోలికి పోను.

ఘాట్ మొదట్లో, బండ రాయి నీడన, ఎలుగు బొద్దులయ్య షెడ్డు ఉండేది. 'అన్ని బండ్లకూ మరమ్మతు' అని బోర్డు. బొద్దులయ్య పద్ధతి ఒకటే. బండి రాగానే డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంటాడు. కళ్లు మూసుకుంటాడు. బండ చుట్టూ ఒక చుట్టు తిప్పమంటాడు. దిగి, చెయ్యి లోపల పెట్టి, ఇట్టే బాగుచేసి, "తొక్కడం నేర్చుకో, క్లచ్చు నీ మామగారి కాలు కాదు" అని తిట్టి పంపిస్తాడు. నోరు చెడ్డది. చెయ్యి మంచిది. అతని పనికి ఆగేవాళ్ల కోసం షెడ్డులో పొడవాటి బల్ల, కుండలో నీళ్లు ఉండేవి.

ఘాట్ దిగే ప్రతి బండీ అక్కడ ఆగేది. ఆ చోటు మీదే అడవి సభ కార్యదర్శి నక్క కన్ను పడింది.

నక్కకు ఒక బావమరిది ఉన్నాడు, దుమ్ములగొండి. నక్కకు దుమ్ములగొండి అక్కతో సంబంధం ఎలా కుదిరిందో అడవిలో ఎవరూ అడగరు. ఆ బావమరిది ఏ పనిలో పెట్టినా నిలవలేదు.

"బావా, నాకూ ఒక షెడ్డు ఇప్పించు" అన్నాడు దుమ్ములగొండి.

"నీకు పని రాదు కదరా?"

"వస్తే నిన్నెందుకు అడుగుతాను?"

మాటలో న్యాయముంది. నక్క సభకు వెళ్లింది. అధ్యక్షుడు అడవిదున్న. ఆయన తల ఊపితే అంగీకారం. ఈగలు వాలినా ఊపేవాడు, అది వేరే సంగతి.

"అయ్యా, మన అడవిలో ఏ దుకాణం ఏమిటో మనకే తెలియదు. పక్క అడవిలో అన్నీ వర్గాలుగా విడదీశారట. మనం వెనకబడిపోయాం" అంది నక్క.

వెనకబడ్డామనగానే సభలో అందరికీ సిగ్గేసింది. నక్క నియమం చదివింది. ఏ దుకాణంలో ఏ పని రోజంతటిలో ఎక్కువసేపు జరుగుతుందో అదే దాని వర్గం. కాసేపు జరిగేది పక్కపని, లెక్కలోకి రాదు. తన వర్గం కాని పనిని ముఖ్యంగా పెట్టుకున్నవాడికి దుకాణం ఉండదు.

ఈగలు వాలాయి. దున్న తల ఊపింది. చప్పట్లు మోగాయి.

మర్నాడే నక్క బొద్దులయ్య షెడ్డుకు వచ్చి, బల్ల చివర కూర్చుని, పొద్దుగూకేదాకా చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"బొద్దులయ్యా, నీది మరమ్మతు షెడ్డు కాదు."

"మరేంటి, పెళ్లి పందిరా?"

"విశ్రాంతి గృహం. పొద్దుటినుంచి ఈ బల్ల మీద ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. నీళ్లు తాగారు, కబుర్లు చెప్పుకున్నారు, కుందేలమ్మ కునుకు కూడా తీసింది. ఎక్కువసేపు జరిగింది అదే."

"బండ్లు బాగుచేశాను, కళ్లు కనపడలేదా?"

"చేశావు. కానీ చిటికెలో చేశావు. కాసేపు జరిగేది పక్కపని అని నియమం. త్వరగా చేయడం నీ తప్పు, నేనేం చేయను?"

"నిదానంగా చేస్తే?"

"అప్పుడు నువ్వు మరమ్మతు చేసేవాడివే. మా బావమరిదిని చూడు. నిన్న పొద్దున ఒక నట్టు పట్టుకున్నాడు, ఇప్పటికీ దాని మీదే ఉన్నాడు. అతను మరమ్మతుదారుడు కాడని ఎవరనగలరు?"

బొద్దులయ్య బల్ల ఎత్తి విసరబోయాడు. తర్వాత దించాడు. బల్లే తనకిప్పుడు ముఖ్య వ్యాపారమని గుర్తొచ్చింది కాబోలు.

విశ్రాంతి గృహాలకు ప్రశాంతత కావాలని అతన్ని కొండ వెనక్కి పంపారు. అక్కడికి రోడ్డు లేదు, బండి బాట ఒకటి ఉంది. బండ నీడలోని షెడ్డు దుమ్ములగొండికి దక్కింది. 'సాధారణ మరమ్మతు' అని కొత్త బోర్డు లేచింది.

పని రానివాడికి సాధారణ మరమ్మతు అప్పగిస్తే అన్నీ చేయాల్సి వస్తుందని నక్కకు ముందే తెలుసు. అందుకని బ్రేకులను విడిగా కొండముచ్చుకిచ్చింది. టైర్లను ముళ్లపందికిచ్చింది. రోడ్డు మీద ముళ్లపంది నాలుగడుగులు నడిస్తే చాలు, బేరాలు వాటంతట అవే వచ్చేవి. ఇక సాధారణం అంటే ఏమిటయ్యా అంటే, ఎవరి వర్గంలోకీ రానిది. ఎవరి వర్గంలోకీ రానిది బండిలో ఏముంటుందో దుమ్ములగొండి ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

కుందేలమ్మ ఆటో ఒకటి ఆగుతూ ఆగుతూ కదిలేది. కొండముచ్చు చూసి, "నా భాగం బాగుందమ్మా" అన్నాడు. ముళ్లపంది, "నాదీ బాగుంది" అంది. దుమ్ములగొండి ఒక రోజు ఉంచుకుని, "అన్నీ బాగున్నాయి, బండే బాగాలేదు" అన్నాడు.

ఆమె పిల్లల్ని వెంటబెట్టుకుని ఆటో తోసుకుంటూ కొండ వెనక్కి వెళ్లింది.

"అన్నా, వానలు ముందున్నాయి. వీళ్లను వాగు దాటించాలి. ఒక్కసారి చెయ్యి పెట్టు."

బొద్దులయ్య స్పానరు తీసి మళ్లీ పెట్టేశాడు. "ఇక్కడికి విశ్రాంతికి ఎవరూ రారు తల్లీ. ఖాళీ బల్ల ముందు నేను స్పానరు పడితే, మరమ్మతే నా ముఖ్యమైన పని అంటారు. ఈ చోటు కూడా లాక్కుంటారు. పిల్లల్ని నడిపించు. కాళ్లు ఎవరి వర్గమో వాళ్లింకా తేల్చలేదు."

తిట్టకుండా మాట్లాడడం అతనికి అదే మొదటిసారి. కుందేలమ్మ భయపడింది.

కొన్నాళ్లకు పక్క అడవినుంచి నక్కకు పిలుపొచ్చింది. వర్గీకరణ మీద ప్రసంగం చేయాలట. సభ జీపు ఇచ్చింది, దున్న స్వయంగా మెడలో దండ వేసింది. సాగనంపడానికి అందరూ వచ్చారు. నక్క బ్రేకు తొక్కి చూసింది. కాలు నేల దాకా పోయింది.

"బావమరిదీ!"

"బ్రేకు నా వర్గం కాదు బావా. నువ్వే కదా రాసింది" అన్నాడు దుమ్ములగొండి, నట్టు మీదనుంచి కళ్లెత్తకుండా.

కొండముచ్చు కింద దూరి వచ్చాడు. "బ్రేకు బంగారంలా ఉందండీ. గొట్టంలోంచి నూనె కారుతోంది. కారడం అనేది నాకు రాసివ్వలేదు."

ముళ్లపందిని ఎవరూ అడగలేదు. అయినా, "గాలి నిండుగా ఉంది" అంది.

నక్క మెల్లగా జీపును కొండ వెనక్కి నడిపించింది. సాగనంపేవాళ్లంతా వెంట నడిచారు, ఊరేగింపులాగా. బొద్దులయ్య జీపులో నక్క పక్కన ఎక్కి కూర్చున్నాడు, కళ్లు మూసుకున్నాడు, దిగాడు.

"దిగు. గొట్టం మార్చాలి. దండ వాడేలోపు అయిపోతుంది."

నక్క దిగబోయింది. కొండముచ్చు అడ్డొచ్చాడు.

"అధ్యక్షా! చూడండి, పొద్దుటినుంచి బల్ల మీద ఎవరూ లేరు. ఇప్పుడు ఇతను స్పానరు పడితే ఇది మరమ్మతు షెడ్డు. ఇవాళ బ్రేకు గొట్టం, రేపు నా కడుపు కొడతాడు. కార్యదర్శిగారికి ఒక నియమం, మాకొక నియమమా?"

దున్న నక్కవైపు తిరిగింది. "ఏమయ్యా, నియమం తప్పంటావా?"

తప్పని ఒక్క మాట చాలు. జీపు బాగయ్యేది, ప్రాణం నిలిచేది. కానీ మెడలో దండ ఉంది. దండ మోసే మెడ వంగదు.

"నియమం సరైనదే" అంది నక్క.

"ఓరి తలకాయ లేనివాడా, ఘాట్‌కి నీ నియమం తెలియదు. జీపు దించకు!" అని అరిచాడు బొద్దులయ్య.

"విశ్రాంతి గృహం సలహాలు పక్కపని కిందికి వస్తాయి" అని నక్క జీపు కదిలించింది.

ఘాట్‌లో మొదటి మలుపు దాటింది. రెండోది దాటలేదు.

లోయలోనుంచి పైకి తెచ్చేసరికి నక్కకు ప్రాణం మిగిలింది, వెనక కాలు ఒకటి మిగల్లేదు. సభ కూడింది. కొత్త కార్యదర్శిగా వచ్చిన కొండముచ్చు నియమం చదివాడు. రోజంతటిలో ఎక్కువసేపు ఏ పని చేస్తే అదే వర్గం. నక్క ఎక్కువసేపు ఏం చేస్తోంది? పడుకుంటోంది. కాబట్టి కార్యదర్శి కాదు, విశ్రాంతి తీసుకునేవాడు. విశ్రాంతి గృహానికి పంపారు. దుమ్ములగొండి చూడడానికైనా రాలేదు. నట్టు ఇంకా పూర్తి కాలేదట.

బొద్దులయ్య నక్కను ఎత్తి బల్ల మీద పడుకోబెట్టాడు. దుప్పటి కప్పాడు. మంచినీళ్లు తలవైపు పెట్టాడు. తర్వాత కొండ కొమ్మున నిలబడి కేక వేశాడు.

"కుందేలమ్మా! ఆటో తీసుకురా!"

ఆరోజునుంచి బండ్లన్నీ 'విశ్రాంతికి' కొండ వెనక్కే పోతున్నాయి. బాట రోడ్డంత వెడల్పయింది. సభవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడల్లా బొద్దులయ్య బల్లవైపు చూపిస్తాడు. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా అక్కడ ఒకరు విశ్రమిస్తూనే ఉంటారు. మరమ్మతు ఉత్త పక్కపని. తప్పు పట్టడానికి ఏమీ ఉండదు.

నక్క ఎప్పుడైనా మూడు కాళ్ల మీద లేవబోతే మాత్రం బొద్దులయ్య స్పానరు ఎత్తుతాడు.

"పడుకో! నువ్వు లేస్తే నా వర్గం పోతుంది."

నీతి: చేతనైనవాడి చోటు లాక్కోవాలంటే నిరభ్యంతరంగా లాక్కో, కానీ చివరికి వాడి బల్ల మీదే, వాడి పని నిలబెట్టడానికే, ఒక కాలు తక్కువగా పడుకోవలసి వస్తుంది.