డిసెంబరు మెంటార్లు

సర్కారు బడికి టీచర్లెందుకండీ? దండగ! డిసెంబరులో అమెరికా నుంచి దిగే మెంటార్లు చాలరూ?

నవ్వకండి. జూబ్లీ హిల్స్‌లో మా సంఘం తరఫున వాళ్లకు శాలువాలు కప్పే బాధ్యత నాదే. కాబట్టి నేను చెబితే వినాలి.

సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని ఇప్పుడు సేవకు కొదవ లేదు. సెలవు మీద వచ్చిన ఇంజనీర్లకు పొద్దున పట్టుచీరల షాపింగ్, సాయంత్రం పళ్ల డాక్టరు, మధ్యలో గంటసేపు దేశసేవ! కారు ఫిల్మ్‌నగర్ వెనకాల బస్తీ బడి ముందు ఆగుతుంది. డ్రైవరు ఏసీ కూడా ఆపడు. సార్ ఇట్టే తిరిగొస్తారని అతనికి తెలుసు.

ఆ బడిలో పదో తరగతికి లెక్కల టీచరు లేడు. అందుకే ప్రతి మెంటారూ లెక్కలే చెబుతాడు. ఎక్కణ్నుంచి? మొదటి పాఠం నుంచి! వాస్తవ సంఖ్యలు. ముందొచ్చినాయన ఎక్కడ ఆపాడని అడిగితే పెద్దమనుషులకు ఎంత నామోషీ! షికాగో ఆయనా వాస్తవ సంఖ్యలే, డాలస్ ఆయనా వాస్తవ సంఖ్యలే. రెండో పాఠం మొహం ఎవరూ చూడలేదు.

పిల్లలేమైనా తక్కువవాళ్లా? సినిమా లైట్‌మెన్ల, జూనియర్ ఆర్టిస్టుల పిల్లలాయె. హెడ్మిస్ట్రెస్ శ్యామలాదేవి గారు ముందే హెచ్చరిస్తారు: "కొత్తగా విన్నట్టు మొహం పెట్టండి. అంత దూరం నుంచి వచ్చారు, నొచ్చుకుంటారు పాపం." పిల్లలు నోళ్లు తెరుచుకుని మరీ వింటారు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తారు.

న్యూజెర్సీ శ్రీకృష్ణ గారు పొంగిపోయారు. ఆ సాయంత్రం విందులో విద్యాశాఖ పెద్దాయన చెయ్యి పట్టుకుని, "జీనియస్‌లండీ వీళ్లు! టీచరెందుకు? మోటివేషన్ ఇవ్వాలి గానీ!" అన్నారు. పెద్దాయనకు ఆ మాట తెగ నచ్చింది. ఆ బడికి రావలసిన లెక్కల టీచరును మరో చోటికి పంపేశారు.

లైట్‌మన్ బాలనర్సయ్య కూతురు మనోజ ఆ తరగతిలో ఫస్టు. పాలిటెక్నిక్‌లో చేరాలని ఆ పిల్ల పట్టుదల. మార్చిలో పరీక్ష రాసింది. వాస్తవ సంఖ్యల ప్రశ్నలన్నీ కరెక్టు. లెక్కల్లో ఫెయిల్!

"ఇగ చాలు తీ బిడ్డా, గుంపు సీన్లకు నీ పేరిచ్చిన" అన్నాడు తండ్రి.

నేను వెంటనే న్యూజెర్సీకి ఫోన్ చేశాను. శ్రీకృష్ణ గారు ఏమాత్రం చలించలేదు. "ఫెయిల్యూర్ గొప్ప అవకాశమండీ! డిసెంబరులో దాని మీదే స్పెషల్ సెషన్ పెడతాను. ఆ అమ్మాయిని ముందు వరసలో కూర్చోబెట్టండి."

ఎంత పెద్ద మనసు! ఈ శుభవార్తను స్వయంగా ఆ బస్తీకి వెళ్లి మనోజకు చెప్పాను.

"గా సెషన్ల రెండో పాఠం చెప్తరా సార్?" అని అడిగింది. "జూన్ల సప్లిమెంటరీ ఉంది. గప్పటిదాంక రోజు బడికొచ్చి లెక్కలు చెప్పేటోళ్లు కావాలె."

విన్నారా గొంతెమ్మ కోరిక! రోజూ రావాలట! పాఠం తర్వాత పాఠం చెప్పాలట! అలాంటి మనిషి అమెరికాలో ఎవరైనా ఖాళీగా ఉన్నారేమో కనుక్కుంటున్నాను.