ఏడో నంబరు మంచం మీద ఫిల్ము

పెనుగొండ సత్యలింగం ఆస్పత్రిలో అడుగుపెట్టేటప్పటికి అతని వెంట ఉన్నవి మూడు: ఒక స్కాన్ ఫిల్ము, ఒక తువ్వాలు, నొప్పి లేని పొట్ట. కౌంటరులో ఫిల్మును రోగిగా చేర్చుకుని ఏడో నంబరు మంచం మీద పడుకోబెట్టారు. అతనికి అటెండెంటు పాసు ఇచ్చి వరండాలో బల్ల చూపించారు.

"రోగికి మీరేమవుతారు?" అని గుమస్తా అడిగాడు.

"అది నాదేనండీ. లోపల ఉంది నేనే."

"ఆ గడి ఫారంలో లేదు. బాబాయా? బావగారా?"

కాసేపు ఆలోచించి 'సొంతం' అని రాయించాడు సత్యలింగం.

అక్కడ మూడేళ్ళుగా ఇదే పద్ధతి. మనిషి పొద్దున ఒకటి చెబుతాడు, సాయంత్రం ఇంకొకటి చెబుతాడు. ఫిల్ము మాట మార్చదు, వాంతి చేసుకోదు. ఇందులో సత్యలింగానికి వింతేమీ కనబడలేదు. ముప్పై ఏళ్ళుగా మిర్చి యార్డులో కమీషను వ్యాపారం అతనిది. రైతు బస్తాలను లారీలోనే ఉంచి గుప్పెడు కాయలు మచ్చుకు తెస్తాడు. ఆ గుప్పెడు చూసే ధర కడతారు. బస్తాను అడిగినవాడెవడు?

మూత్రపిండంలో గడ్డకు ఐదు నెలలుగా అతను కేన్సరు మాత్రలు మింగుతున్నాడు. మామూలు పరీక్షకని తీసిన స్కానులో పేగు గోడలో గాలి కనబడింది. స్కాన్ల డాక్టరు భార్గవి ఫిల్మును లేపి దీపం ముందు నిలబెట్టి చూపించింది.

"గాలి పేగు గొట్టంలో ఉండాలి. ఇక్కడ గోడలోకి దూరింది, చూడండి."

సత్యలింగం కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. నల్లపూసల దండను ఎవరో గోడలో పెట్టి మెత్తినట్టుంది. తన లోపల ఇంత పనితనం ఉందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"ఎట్టా దూరిందమ్మా?"

"రెండు దారులు. రక్తం అందక గోడ చచ్చిపోతుంటే దూరుతుంది. అట్లాగైతే వెంటనే కొయ్యాలి. లేదా మీ మాత్రల వల్ల గోడ కాస్త వదులై, ఊరికే చేరుతుంది. అప్పుడు మాత్ర ఆపితే మెల్లగా అదే పోతుంది."

"ఇది ఏ రకం?"

"బొమ్మలో రెండూ ఒకలాగే ఉండొచ్చు. రోగికి నొప్పి ఉందా, జ్వరం ఉందా, పొట్ట గట్టిపడిందా అని చూసి తేల్చాలి. పొద్దుట్నించి మూడుసార్లు అడిగాం. రోగి ఏమీ చెప్పలేదు. ఒళ్ళు కూడా చల్లగా ఉంది. మంచి లక్షణాలు కావివి."

సత్యలింగం భార్య మాణిక్యమ్మ ముందుకు వచ్చింది. "నొప్పి లేదు మొర్రో అంటన్నాడు గదమ్మా! పొద్దున కారప్పొడేసుకుని నాలుగు ఇడ్లీలు లాగించాడు!"

"అటెండెంట్ల తిండి రోగి షీటులోకి ఎక్కదండీ" అంది డాక్టరు మర్యాదగా.

మర్నాడు తొమ్మిదింటికి ఆపరేషన్ అన్నారు. కోత మాత్రం అటెండెంటుకే. ఫిల్మును కోస్తే పాడవుతుంది గనుక ఆ ఏర్పాటు మొదటినుంచీ ఉంది.

ఆ మధ్యాహ్నమే ఏడో నంబరు దుప్పటి సర్దిన నర్సు ఎస్తేరు, వరండాలో అటూ ఇటూ చూసి బల్ల దగ్గరికి వచ్చింది. "బాబాయ్ గారూ, తువ్వాలు అడ్డం పట్టుకోండి. అటెండెంటును ముట్టుకున్నానని తెలిస్తే నాకు మెమో ఇస్తారు."

యార్డులో వేళ్ళతో బేరమాడేటప్పుడు చేతుల మీద కప్పినట్టు అతను తువ్వాలు కప్పాడు. దాని కింద ఎస్తేరు అరచెయ్యి బొడ్డుకు కుడివైపు ఆనింది. మెల్లగా నొక్కింది, చటుక్కున తీసింది.

"ఎట్టా ఉంది?"

"హాయిగా ఉందమ్మా."

"మెత్తగా అటుకుల మూటలాగుంది. ఇది కొయ్యాల్సిన పొట్ట కాదు. కానీ ఎక్కడ రాయను?"

ఆ సంగతి తను చూసుకుంటానన్నాడు సత్యలింగం. యార్డులో తగాదా వస్తే బస్తాతో వాదించరు, రెండో మచ్చు తీయిస్తారు. సరాసరి భార్గవి గదికి వెళ్ళి అదే అడిగాడు. మాత్ర ఆపి, కొన్నాళ్ళు ఆగి, ఇంకొక ఫిల్ము తీయమన్నాడు. ఆమె నిబంధనల పుస్తకం తిరగేసింది. కొత్త రోగిని చేర్చుకోవడానికి అభ్యంతరమేమీ లేదు. మాత్ర ఆగింది, ఆపరేషన్ వాయిదా పడింది.

పదో రోజున రెండో ఫిల్ము ఎనిమిదో నంబరు మంచం ఎక్కింది. గోడలో పూసలు లేవు. ఏడో నంబరు రోగి మరణించినట్టు, ఎనిమిదో నంబరు రోగి కోలుకున్నట్టు రాసి ఇద్దరినీ ఒకే కవరులో పెట్టి ఇచ్చారు. మాణిక్యమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. తన వ్యాపార బుద్ధి నిలబడ్డందుకు సత్యలింగం మీసం దువ్వుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం యార్డులో మచ్చు చూస్తుండగా అతనికి బొడ్డు పక్కన మెలిపెట్టింది. ఇంటికి వచ్చేసరికి చెమటలు పట్టాయి.

"పదండి ఆస్పత్రికి" అంది మాణిక్యమ్మ.

"పోతే రోగిని చూపించమంటారే." అతను ఎనిమిదో నంబరు ఫిల్ము తీసి కిటికీ వెలుగుకు పట్టాడు. ఎంత వెతికినా ఒక్క పూస లేదు. "చూడు, నిక్షేపంగా ఉన్నాడు."

"మీకు నొప్పిగా ఉంది గదండీ!"

"నాకుంది. రోగికి లేదు."

ఫిల్మును దిండు మీద పడుకోబెట్టి, మెడ ఎక్కడో తెలియక సగందాకా దుప్పటి కప్పి, తను పక్కన కుర్చీలో కూర్చుని లెక్క చూసుకున్నాడు. ఆస్పత్రికి పోయేటప్పుడు మూడు తీసుకుపోయాడు: ఫిల్ము, తువ్వాలు, పొట్ట. మూడూ తిరిగి తెచ్చుకున్నాడు. ఫిల్ము మునుపటికన్నా శుభ్రమైనది. పైన లాభం ఒక్కటే, ఎస్తేరు అరచెయ్యి ఎక్కడ ఆనిందో అతనికి తెలుసు. తన చెయ్యి అక్కడ పెట్టి చూసుకున్నాడు. చెక్కలా ఉంది.

మచ్చులో లేదు గనుక దాన్ని లెక్కలో వేసుకోలేదు.