మూంగాలో ఎండురొయ్యలు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు ఐదుగురు: నాయన నూకన్న, అమ్మ నూకరత్నం, చెవులు సరిగా వినబడని నాయనమ్మ గవరమ్మ, పదో తరగతి చదివే అమ్మడు, తలుపుకి అడ్డంగా కూర్చున్న తెల్లరాయి. రాయిని కూడా లెక్కలో వెయ్యాల్సిందే. నూకన్న దాన్ని సముద్రంలోంచి తెచ్చినప్పటినుంచీ ఆ ఇంటి తలుపు మూసుకున్నది లేదు, నూకరత్నం కాలి బొటనవేలు మానిందీ లేదు.

ఆ సాయంత్రం అండమాన్‌లోని మాయాబందర్ బడి మైదానంలో అటవీశాఖవాళ్ల పర్యావరణ ప్రశ్నల పోటీ మొదలు. మర్నాడు కూడా ఉంది. ఇంటికొకరు స్టేజి ఎక్కాలి. గెలిస్తే ప్రెషర్ కుక్కరు. అమ్మడికి కుక్కరు మీద ఆశ లేదు. ఒక్కసారి మైకు ముందు నిలబడి, తనకు తెలిసింది పైకి చెప్పాలనుంది. ఆ సంగతి కూడా పైకి చెప్పలేకపోయింది.

"నువ్వెక్కితే మైకు కూడా సిగ్గుపడిపోద్ది," అన్నాడు నూకన్న. "నానెక్కుతాను. నువ్వు ముందర కూకుని సైగలు చెయ్యి. అవునంటే చెవి పట్టుకో, కాదంటే ముక్కు పట్టుకో."

"నీ తెలివికి కుక్కరు కాదు కదా, దాని ఈల కూడా రాదు," అంది నూకరత్నం.

"వచ్చేక అందులో వండకు మరి!"

"వండుతాను. నీకు పెట్టను."

స్టేజి మీద ఆఫీసరు అడిగాడు: "నూకన్న భయ్యా, మూంగా తోడ్నా చాహియే యా నహీ?"

పగడాన్ని విరవొచ్చా, కూడదా అని ప్రశ్న. నూకన్న చెవికి మాత్రం మూంగా కాస్తా మునగ అయిపోయింది. అమ్మడు ముక్కు పట్టుకుంది. చాలదేమోనని రెండు చేతులతో పట్టుకుంది. తను చెప్పిన సైగ తనే మరిచిపోయి, కూతురు ఎండురొయ్యల వాసన గుర్తుచేస్తోందనుకున్నాడు నూకన్న.

"తోడ్నా సాబ్! హర్ సాల్ తోడ్నా! మేరా ఘర్‌వాలీ కత్తి లేకే తోడ్తా, ఎండురొయ్యలు దాల్కే పకాతా!"

ఏటేటా కోస్తామని, పెళ్లాం ఎండురొయ్యలేసి వండుతుందని అతను చెబుతుంటే తెలుగువాళ్లు పడీపడీ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు.

"మూంగా ఖాతే హో?" పగడాన్ని తింటారా అన్నట్టు కళ్లు పెద్దవి చేశాడు.

"ఘర్ పే ఆవ్ సాబ్, ఆప్‌కో భీ ఖిలాతా!"

ఇంటికొస్తే మీకూ పెడతానన్న ఆ మాట పట్టుకుని, ఆఫీసరు ఇద్దరు గార్డులతో అప్పుడే నూకన్న ఇంటికి బయల్దేరాడు.

"చూసేవా," అన్నాడు నూకన్న భార్యతో. "కుక్కరు మనింటికే పట్టుకొస్తన్నారు!"

"మూంగా కహాఁ హై?" అని ఆఫీసరు పగడం కోసం ఇల్లంతా వెతుకుతుంటే, తిండి మాట ఏ భాషలో అన్నా వినబడే గవరమ్మ మునగకాడల కూర తెచ్చి పెట్టింది. ఆఫీసరు కూర చూశాడు, పెరట్లో చెట్టు చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మూంగా అంటే పగడం, బాబూ," అన్నాడు తెలుగు గార్డు.

నూకన్న మొహం తెల్లబడింది. అంతలో నవ్వుకుంటూ వెనుదిరిగిన ఆఫీసరు బొటనవేలు రాయికి తగిలింది.

"హాయ్! యే క్యా హై?"

"పత్తర్ సాబ్. ఖాలీ పత్తర్," ఉత్త రాయేనంటూ నూకన్న అమ్మడి వైపు తిరిగి గట్టిగా ముక్కు పట్టుకున్నాడు.

"మూంగా," అంది అమ్మడు.

పరాయివాళ్ల ముందు ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే. దాని వెనక మిగతావీ తోసుకుంటూ వచ్చేశాయి. అది చిన్న చిన్న ప్రాణులు ఏళ్ల తరబడి కట్టుకున్నదని, విరిస్తే చేపలకి గూడు పోతుందని, చేపలు పడటం లేదని నాయన రోజూ సముద్రాన్నే తిడతాడని.

గార్డులు రాయిని మోసుకుపోయారు. రేపటి పోటీకి కూతుర్ని పంపమని, తండ్రిని ఇంట్లోనే ఉంచమని చెప్పి ఆఫీసరు కుంటుకుంటూ వెళ్లాడు.

"నా బొటనవేలు బతికింది," అంది నూకరత్నం.

మర్నాడు సాయంత్రం అమ్మడు తల దువ్వుకుని, వాకిలి దాటి, రోడ్డు చూసి, గిరుక్కున వెనక్కొచ్చేసింది.

"అమ్మా, ఒళ్లు కాలతన్నాదే..."

నూకరత్నం గుమ్మంలో నిలబడింది. ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ నూకన్న ఒకసారి చెవి, ఒకసారి ముక్కు పట్టుకుంటున్నాడు.

"నువ్వు లోపలికి నడు," అంది మొగుడితో. తర్వాత కూతురితో, "నువ్వు స్టేజి మీద నోరు తెరిచి రా. అప్పుడే నాను తలుపు తెరుస్తాను," అంది.

అడ్డానికి రాయి లేదు. తలుపు మూసేసింది.