టీవీల్లో పండిన బంగారం

ఇకమీదట ఆక్‌తెరెక్ జిల్లావాళ్ళు బంగారం కోసం కొండలు తవ్వక్కర్లేదనీ, ఇంట్లో టీవీలు విప్పితే చాలనీ జిల్లాని ఏలే అకీమ్ ఎర్కిన్‌బాయ్ గారు నూరూజ్ వసంత పండగ సభలో ప్రకటించారు.

"కొండల్లో బంగారం పరాయి కంపెనీలు పట్టుకుపోయాయి. మన అటకల మీద బంగారాన్ని ఎవడు పట్టుకుపోతాడో చూస్తా!" అన్నారు. జనం టోపీలు ఎగరేశారు. ఇంత దూరదృష్టిగల పాలకుడు పక్క జిల్లాకి లేనందుకు పక్క జిల్లావాళ్ళు ఎంత కుమిలిపోయారో తెలీదు.

పథకం భారమంతా ఆయన డిప్యూటీ సదిర్‌కుల్ నెత్తిన పడింది. పాడైన టీవీలూ, రేడియోలూ, ఫోన్లూ పోగుచేయించాడు. లారీ నిండలేదు. "పాడైనవే అని ఎవరన్నారయ్యా? తెచ్చాక పాడుచేసుకోవచ్చుగా!" అని అకీమ్ గారు దారి చూపించారు. అధికారులే ఆదర్శంగా ఉండాలి కనక సదిర్‌కుల్ ముందుగా తన తల్లి అసిల్‌కాన్ టీవీని మోసుకొచ్చాడు. అప్పుడు అందులో టర్కీ సీరియల్ వస్తోంది. అత్తగారు కోడలికి విషం కలుపుతున్న ఘట్టం.

"తాగిందో లేదో చూడనియ్యరా!" అందావిడ.

"జిల్లా అభివృద్ధి ఆగదమ్మా" అని వైరు పీకేశాడు.

బంగారం కరిగించడం తెలిసిన మనిషి జిల్లా మొత్తానికీ ఒక్కర్తే ఉంది. ఆసుపత్రిలో పళ్ళు కట్టే సాయ్‌రా. ఆవిణ్ణే పథకానికి చీఫ్ సైంటిస్టుని చేశారు. షెడ్డునిండా పేరుకున్న సర్క్యూట్ బోర్డుల్ని ఆవిడ యాసిడ్‌లో నానబెట్టింది, వడకట్టింది, కరిగించింది. చివరికి గాజుపలక మీద నువ్వుగింజంత మెరుపు మిగిలింది.

"ఏంటిది?" అన్నారు అకీమ్ గారు.

"బంగారం."

"మరి మిగతాది?"

"మిగతాది టీవీ."

సోవియట్ కాలం సామాన్లలో బంగారం దండిగా ఉండేమాట నిజమేననీ, కాకపోతే బజారువాళ్ళు ఆ ముక్కల్ని ఎప్పుడో గిల్లుకుపోయి పైడబ్బాలు మాత్రమే వదిలారనీ సాయ్‌రా చెప్పింది.

అకీమ్ గారు సదిర్‌కుల్ వైపు తిరిగారు. "మంత్రి గారికి బంగారు బిస్కెట్ పంపుతున్నామని ఉత్తరం వెళ్ళిపోయింది. వారం తిరిగేలోగా బిస్కెట్ ఉండాలి. లేకపోతే ఆ కుర్చీలో నువ్వుండవు. ఎక్కణ్ణుంచి తెస్తావో నాకనవసరం."

అకీమ్ గారికి నోటినిండా బంగారు పళ్ళే. సదిర్‌కుల్ చూపు అక్కడే ఆగిపోయింది. అకీమ్ గారు టక్కున పెదాలు మూసేశారు. మిగతా సమావేశమంతా సైగలతోనే నడిపించారు.

సదిర్‌కుల్ ఇంటికొచ్చేసరికి తల్లి అలవాటుకొద్దీ టీవీ ఉండే గోడకేసి చూస్తూ కూర్చుంది. విషయం చెప్పాడు. అడగాల్సింది మాత్రం అడగలేకపోయాడు.

"ఉద్యోగం పోతుందిట్రా?"

"పోతుందమ్మా."

అసిల్‌కాన్ నాలుకతో పైవరస బంగారు పళ్ళని ఓసారి తడుముకుంది. "మీ నాన్న సగం మంద అమ్మి తొడిగించాడు. నవ్వితే కొండవతలికి కనబడాలనేవాడు." లేచి తలకి రుమాలు కట్టుకుంది. "పద, ఆ సాయ్‌రా ఆసుపత్రి మూసేస్తుంది."

తొడుగులు ఒక్కొక్కటీ ఊడి పళ్ళెంలో టింగుమంటుంటే సదిర్‌కుల్ గోడ మీదున్న దంతరక్షణ పోస్టరు చదివాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. అయినా ఆపమని అనలేదు. పథకం నిజాయితీకి మచ్చ రాకూడదని ఆ నువ్వుగింజని కూడా అందులో కలిపించాడు.

బిస్కెట్ రాజధానికి చేరింది. 'చెత్తలోంచి సంపద' అని పత్రికలన్నీ రాశాయి. ఆకురాలే కాలంలో, రెండో దశ ప్రారంభానికి మంత్రి గారే స్వయంగా వచ్చారు. మైకు ముందు చిరునవ్వు నవ్వారు. ముందుపళ్ళు ధగధగా మెరిశాయి.

"మీ బంగారాన్ని బీరువాలో దాచబుద్ధి కాలేదు. అందుకే ప్రజలకి అనుక్షణం కనబడేలా పెట్టించుకున్నాను" అన్నారు. టీవీలు లేని జనం ఆ మెరుపునే కన్నార్పకుండా చూశారు.

విందులో గుర్రపు మాంసం వడ్డించారు. వచ్చిన పెద్ద అతిథికి పంక్తిలోకెల్లా పెద్ద వయసావిడ మొదటి ముద్ద తన చేత్తో నోట్లో పెట్టడం ఆనవాయితీ. అకీమ్ గారు చుట్టూ చూసి అసిల్‌కాన్‌ని లేపారు. అంతవరకూ ఆవిడ ముందున్నది ఉత్త పులుసు గిన్నె. సదిర్‌కుల్ కుర్చీలోంచి సగం లేచాడు. అమ్మ ఒక్కమాట జారితే కుర్చీ పోయినట్టే.

"నోరు తెరువు నాయనా" అంది ఆవిడ. మంత్రి గారు తెరిచారు. ఆవిడ లోపలికి చాలాసేపు చూసింది. ఫొటోగ్రాఫర్లు ముందుకు తోసుకొచ్చారు.

"అమ్మగారు దీవిస్తున్నారు" అన్నారు అకీమ్ గారు, పెదాలు కదపకుండా.

ఆవిడ బొమికతో సహా ముద్ద లోపలికి కుక్కింది.

"భయపడకుండా నములు బాబూ. బొమికలు కొరికినా వాటికేం కాదు, నాకు తెలుసు."

అందరూ చప్పట్లు కొట్టారు. అసిల్‌కాన్ చెయ్యి తుడుచుకుని, చల్లారిపోయిన పులుసు గిన్నె దగ్గరికి జరుపుకుంది.