జపాన్ గడ్డి

హుస్సేనీ ఆలంలో కైలాసం ఇంటి వెనక ఓ పాత వేపచెట్టు ఉంది. నీడకు లోటు లేదు కానీ, దాని వేళ్లు నేలలో చెమ్మన్నది మిగలనివ్వవు. గడ్డిపరక కూడా బతకదు. అయినా బస్ డిపోలో డ్యూటీ దిగి వచ్చి వెనక గడపలో కూర్చుంటే చాలు, కైలాసం కళ్ల ముందు నేలంతా పచ్చగా పరుచుకునేది. దాని మీద తాను వెల్లకిలా పడుకుని ఉండేవాడు. మీద వేపాకులు మెల్లగా రాలేవి. కలలోనే గురక కూడా పెట్టేవాడు.

"కలలు చాలు. బక్రీద్ దాటినంక సిమెంటు పోయిస్త. బట్టలన్న ఆరేసుకుంట" అంది భార్య స్వరూప.

"ఆలోపల పచ్చగ చేసి చూపిస్త. అప్పుడు సిమెంటు మాటెత్తవు గద?"

"ఎత్తను. ఏడాదంత పచ్చగుండాలె మరి."

రెండుసార్లు గడ్డి నాటాడు. రెండుసార్లూ ఎండిపోయింది. మూడోసారి, స్వరూప బహదూర్‌పురాలో పుట్టింటికి వెళ్లినప్పుడు, ప్లాస్టిక్ పచ్చిక చుట్ట తెచ్చి పరిచి అంచులకు మట్టి కప్పేశాడు.

తిరిగొచ్చిన స్వరూప కిటికీలోంచి తీరిగ్గా చూసింది.

"ఏం గడ్డి?"

"జపాన్‌ది. నీళ్లు మస్తు తక్కువ తాగుతది."

"తక్కువైనా పొయ్యాలె గద. పొద్దుగాల నువ్వే పొయ్యి."

ఇక తప్పలేదు. రోజూ ప్లాస్టిక్ మీద బకెట్ నీళ్లు గుమ్మరించేవాడు. అవి వాలు వెంట జారి గోడ దగ్గరి డ్రమ్ము వెనక్కి పోయేవి. నల్లా దగ్గర చెంబు నీళ్లకు లొల్లి పెట్టే స్వరూప ఆ బకెట్ సంగతి ఎత్తకపోవడం తన అదృష్టమనుకున్నాడు.

బక్రీద్ ముందురోజు పక్కింటి ముస్తఫా భాయ్ మేకపోతు తాడు తెంపుకుని పెరట్లోకి వచ్చింది. జపాన్ గడ్డిని వాసన చూసింది. కైలాసం మొహం కూడా ఓసారి చూసింది. తర్వాత డ్రమ్ము వెనక్కి పోయి, నోట్లో నిగనిగలాడే ఆకుల తీగతో బయటికొచ్చింది.

స్వరూప పరుగున వచ్చి దాన్ని అదిలించింది. కైలాసం డ్రమ్ము జరిపి చూశాడు. తడి నేల మీద, గోడ పొడవునా, మనీప్లాంట్ ఒత్తుగా పాకి ఉంది.

"ఇదెప్పుడు పెట్టినవ్?"

"నీ జపాన్ గడ్డి చూసిన నాడే. భాయ్ ఇంట్ల నాలుగు కొమ్మలడిగి గుచ్చిన. ఈ నీడకు గదే ఆగుతది. రోజు నీళ్లు మోసుడే నాతోని కాదు."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే మోస్తుంటివా?"

"మరి సిమెంటు?" అన్నాడు చిన్నగా.

"మాట మాటే. పచ్చగైతె అయింది."

"అయితే దాని మీద పండుకోవచ్చా?"

"ఆకులు నలుగవా? గడపల కూసోని చూడు."

ప్లాస్టిక్ చుట్ట మిద్దె మీదికి చేరింది. కైలాసం గడపలో కూర్చున్నాడు. కళ్లు మూతపడగానే తీగ పెరడంతా పాకింది, వేపాకులు మెల్లగా రాలాయి. ఆ పచ్చదనంలో స్వరూప కుర్చీ వేసుకుని టీ తాగుతోంది. తాను మాత్రం బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.