ఐయామ్ హావింగ్ ఎ డాటర్

ఆ ఉదయం బురుల్ ఒక్కటే పని పెట్టుకుంది, వెరెనాకు ఉత్తరం రాయడం. మంచు పడితే నారిన్ కొండల్లోని ఆ ఊరికి విదేశీయులు రారు. వేసవిలో అద్దెకిచ్చే మూడు గదులకూ తాళాలు పడ్డాయి. భర్త పోయిన యాభై ఎనిమిదేళ్ళ బురుల్ పొయ్యి రాజేసి, చాయ్ కాచుకుని, ఒక్కతే తాగి, కప్పు కడిగింది. చూస్తే ఇంకా ఎనిమిదే అయింది.

వెరెనా జులైలో వారం రోజులు ఉండి వెళ్ళిన స్విట్జర్లాండు ఆవిడ. ఫోన్లో పాఠాలు చూసి నేర్చుకున్న ఇంగ్లీషులో బురుల్ తన సంగతులన్నీ రాసింది. వట్టి 'హావ్' కంటే 'హావింగ్' నిండుగా తోచి, దూరాన ఓష్ నగరంలో కాపురముండే కూతురు నాజిక గురించి 'ఐయామ్ హావింగ్ ఎ డాటర్' అని రాసింది.

నెలన్నరకు జవాబుగా ఉయ్యాల బొమ్మ ఉన్న కార్డు వచ్చింది. కవరు లేదు కాబట్టి పోస్టాఫీసు జైనాగుల్ దాన్ని ఇంగ్లీషు చదువుకుంటున్న మేనకోడలు మీరిమ్ చేత చదివించి, మంచులో పరుగెత్తుకొచ్చింది.

"సుయుంచు! శుభవార్త తెచ్చా, కానుక తియ్యి!"

కార్డులో 'కంగ్రాచులేషన్స్' ఒక్కటే బురుల్‌కు అర్థమైంది. తన ఇంగ్లీషును మెచ్చుకున్నారనుకుని పొంగిపోయి, కొత్త శాలువా తీసి ఇచ్చింది.

"ఎవరికైనా చెప్పొచ్చా అక్కా?"

"ఎందుకు చెప్పకూడదే? అందరికీ చెప్పు!"

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. ఆడవాళ్ళు బోర్సోకులనే వేయించిన పిండి ముక్కలు, మీగడ తెచ్చారు. చాయ్ కాచే సమోవర్ బురుల్ ఎత్తబోతే లాక్కున్నారు. ఒక ఉత్తరానికి ఇంత మర్యాదా అని బురుల్ ఆశ్చర్యపోతుండగా ఒకామె చెవిలో అడిగింది.

"తండ్రి సగినే కదా? నీ పొయ్యి గొట్టం బాగుచెయ్యడానికి అతనికి రెండు సాయంత్రాలెందుకే!"

విషయం తెలిసి బురుల్ లబలబలాడింది. "నేను కడుపుతో లేను!"

"మొదట్లో అందరం అలాగే అన్నాంలే," అని దిండు తెచ్చి వీపుకి పెట్టారు.

మర్నాడు నాజిక ఫోన్ చేసింది. "అమ్మా, మా అత్తగారికి నాకంటే ముందు తెలియడమేమిటి?" అని మొదలుపెట్టి గంటసేపు తిట్టింది. అంతసేపు కూతురి గొంతు విని బురుల్‌కు రెండేళ్ళయింది. అడ్డు చెప్పకుండా విన్నది.

మూడో రోజు మీరిమ్ వచ్చి బురుల్ ఉత్తరం చిత్తుప్రతి చూసి నెత్తి కొట్టుకుంది. "అత్తా, 'హావ్' అంటే ఉండటం. ఉన్నదానికి 'ఇంగ్' తగిలించకూడదు. కూతురుందని చెప్పబోయి, పుట్టబోతోందన్నావు!"

ఊరంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. నాలుగో రోజు బురుల్ మిగిలిన బోర్సోకులు ముందు పెట్టుకుని కూర్చుంది. ఎండిపోయినా పారేయబుద్ధి కాలేదు.

అప్పుడు తలుపు దబదబా మోగింది. అరవై దాటిన సగిన్, టోపీ మీద మంచు కూడా దులపకుండా లోపలికి వచ్చాడు.

"నీ పుణ్యాన బజారులో తలెత్తుకోలేకపోయాను! మా ఆవిడ పోయాక ఆరేళ్ళుగా నా గడప తొక్కనివాళ్ళంతా వచ్చి, బుద్ధి చెప్పి, చాయ్ తాగి మరీ వెళ్ళారు!"

"నా తప్పే. కూర్చోండి." బురుల్ చాయ్ పోసింది. "నిన్న కూడా వచ్చారా?"

"నిన్న ఎవరూ రాలేదు."

బురుల్ ఎండిన బోర్సోకుల పళ్ళెం అతని ముందుకు జరిపింది. సగిన్ రెండో కప్పూ తాగేసి, గొంతు సవరించుకుని, నెమ్మదిగా అడిగాడు.

"ఇంగ్లీషులో నీకు ఇంకేమైనా తప్పులు రాయడం వచ్చా?"