కొండచిలువ కుట్టిన యూనిఫాం

ఊ కొట్టే నోరుంటేనే కథకు కాళ్లు వస్తాయి. ఊ ఆగిన చోట కథ కూర్చుండిపోతుంది, ఎంత బతిమాలినా లేవదు. కాబట్టి ఊ కొడుతూ వినండి.

ఒక పెద్ద అడవిలో ఒక కార్యాలయం ఉండేది. అడవికి కార్యాలయం ఎందుకని అడగకూడదు; ఆ ప్రశ్న ఇంకా ఆ కార్యాలయం పరిశీలనలోనే ఉంది. అందులో సగం తూర్పు కొండ మీద, సగం పడమటి కొండ మీద. తూర్పు సగం టేకాకు మీద ఒక ప్రశ్న రాసి పంపేది. పడమటి సగం దాని కింద "చూశాము" అని రాసి తిప్పి పంపేది. నడుమ ఒక లోయ, ఒక వాగు. అటూ ఇటూ ఆ టపా మోసే ఉద్యోగం ఎలుగుబంటి భల్లమ్మది.

భల్లమ్మకు ఒక కూతురు. నల్లగా నిగనిగలాడుతూ పుట్టిందని నేరేడు అని పేరు పెట్టుకుంది. తండ్రి ఎలుగు, ఇప్పపూలు రాలాయని కబురు వస్తే చూసి వస్తానని కిందటి వేసవిలో వెళ్లి, ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఉద్యోగం పేరిట ఇచ్చిన గుహ ఉంది గాని, అందులో బిడ్డను చూసే దిక్కు లేదు. ఎదురు గుట్ట మీద చిరుతపులి కాపురం. ఒంటరి పిల్లలంటే దానికి మహా ప్రీతి.

అందుచేత నేరేడు తల్లి వీపు మీదే పెరుగుతోంది. ఎలుగుల వీపున పొడవాటి గరుకు బొచ్చు ఉంటుంది. దాన్ని రెండు పిడికిళ్లతో పట్టుకున్న బిడ్డ వాగు దాటుతుంది, కొండ ఎక్కుతుంది, కునుకు కూడా తీస్తుంది. భల్లమ్మకు నాలుగు కాళ్లు దారికి, నోరు టపాకు, వీపు బిడ్డకు. ఒంట్లో ఖాళీ చోటంటూ మిగల్లేదు. అయినా పని సాఫీగా సాగిపోతోంది.

సాఫీగా సాగే పనిని చూస్తే కార్యదర్శి నక్క జంబుకరావుకు తోచేది కాదు. ఒకనాడు అతడికి అవకాశం దొరికింది. పళ్లు మొలుస్తున్న నేరేడు, చిగుళ్ల దురదకు తల్లి భుజం మీదుగా వంగి, టపా ఆకు మూలను కొరికి నమిలేసింది.

"ఏమ్మా భల్లమ్మా! ఆఫీసు కాగితం మీ పిల్లకు పలహారమా?" అన్నాడు జంబుకరావు.

"తప్పయిందయ్యా. పళ్లొస్తున్నాయి దానికి. ఏది అందితే అది కొరుకుతోంది."

"ఇందులో నీ తప్పేముందమ్మా! నీ అవస్థ చూసి మేమందరం కరిగిపోయాం. నీ సౌకర్యం కోసం ఒక ఉపసంఘం వేస్తున్నాం."

మెమో ఇస్తారనుకుంది గాని, ఇంత పెద్ద శిక్ష పడుతుందని భల్లమ్మ అనుకోలేదు.

తల్లి ఉద్యోగుల దుస్తుల ఉపసంఘానికి కోకిలాంబను అధ్యక్షురాలిగా నియమించారు. కోయిల జాతిలో ఆమెది పేరున్న గొంతు. తొలి సమావేశంలో ఆమె కొమ్మ మీద నిలబడి, మెడ ఒక పక్కకు వాల్చి అన్నది:

"సంతానాన్నీ ఉద్యోగాన్నీ సమన్వయం చేసుకోలేమని కొందరు తల్లులు వాపోతున్నారు. నన్ను చూడండి. ఈ ఏడు నాకు పదకొండుమంది పిల్లలు. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఒక్క పాట మానలేదు. కావలసింది ప్రణాళిక."

పక్క కొమ్మ మీద టపా రాకపోకలను అరిచి చెప్పే ఉద్యోగిని కాకమ్మ, భల్లమ్మ చెవి దగ్గరకు వంగింది. "ఆ ప్రణాళిక నా గూట్లో ఉంది వదినా. నా నలుగురిలో ఇద్దరు కుహూ అంటున్నారు. నోట్లో ముద్ద పెట్టబోతే రాగం తీస్తున్నారు!"

"గట్టిగా అనకు. ఆవిడ అధ్యక్షురాలు."

"గట్టిగా అంటే మాత్రం ఆవిడకు వాళ్లెవరో తెలుసా ఏమిటి?"

మృగరాజు సింహం ఒక కన్ను తెరిచి తన సందేశం వినిపించాడు. "ఉద్యోగినుల కష్టం నాకు తెలియనిది కాదు. మా ఇంట్లో కూడా వేటకు వెళ్లేది ఆవిడే. నేను ఏనాడైనా అడ్డు చెప్పానా? పైపెచ్చు, ఆవిడ తెచ్చింది ముందుగా నేనే రుచి చూస్తాను." సభ చప్పట్లు కొట్టింది. మృగరాజు తెరిచిన కన్ను మూసుకున్నాడు.

భల్లమ్మ లేచి నిలబడి, "ఏలినవారూ! దుస్తులు ఇచ్చినా ఇవ్వకపోయినా, నా వీపు మీద బిడ్డ పట్టుకోవడానికి కాస్త పట్టు ఉంటే చాలండి. ఇప్పుడు ఉన్నది" అన్నది.

"విన్నపం నమోదయింది" అన్నాడు జంబుకరావు. నమోదయిన విన్నపానికి ఆ కార్యాలయంలో ఆపైన ఏమీ జరగదు.

దుస్తుల నిపుణుడిగా కొండచిలువ అజగరం మాస్టారిని పిలిపించారు. ఎంపికకు కారణం న్యాయమైనదే. అడవిలో ఇన్ని జీవాలున్నా, బట్టలు మార్చుకునే అలవాటు ఉన్నది ఆయన ఒక్కడికే. ఏడాదికి రెండుమూడు సార్లు పాత కుబుసం విడిచి కొత్తదానితో బయటికి వస్తాడు. విడిచినవన్నీ మడతపెట్టి పుట్ట వెనక దాచుకున్నాడు కూడా. ఆ నిల్వ వదిలించుకునే దారి కోసం చాలాకాలంగా చూస్తున్నాడన్న సంగతి జంబుకరావుకు తప్ప ఎవరికీ తెలియదు.

కొలతలు మొదలయ్యాయి. మాస్టారు టేపు వాడడు. ఒంటికి చుట్టుకుని చూస్తాడు. మొదట కుందేలు గుమాస్తా కొలతకు వెళ్లి, తిరిగి రాలేదు. "కొలత సరిగ్గా సరిపోయినది" అని ఉపసంఘం రాసుకుంది.

భల్లమ్మ వంతు వచ్చింది. మాస్టారు ఆమె నడుముకు రెండు చుట్లు చుట్టి, మెడ ఎత్తి నేరేడును ఆప్యాయంగా చూశాడు.

"పాపకు కూడా కొలత తీసుకోమన్నారా అమ్మా? ఊరికే తీస్తాను."

"దానికి ఉద్యోగం లేదు మాస్టారూ" అని భల్లమ్మ నాలుగు అడుగులు వెనక్కి వేసింది, మాస్టారిని కూడా ఈడ్చుకుంటూ.

నెల తిరిగేసరికి యూనిఫాం వచ్చింది. కుబుసాలను రెండు పొరలుగా చేసి, బంకతో అంటించిన గొట్టం అది. పైన తల దూర్చడానికి ఒక కంత. కింద గాలికి ఒక కంత. పట్టుకుంటే వేళ్లు జారిపోయేంత నున్నగా ఉంది.

"మాస్టారూ, చేతులేవండీ దీనికి?" అని అడిగింది భల్లమ్మ.

"చేతులా? ఎందుకమ్మా?"

"ఎక్కడానికి. పట్టుకోవడానికి. బిడ్డను ఎత్తుకోవడానికి."

మాస్టారు తల నుంచి తోక దాకా తన ఒంటిని ఒకసారి చూసుకుని, నిజాయితీగా జవాబు చెప్పాడు. "ముప్పై ఏళ్ల అనుభవం నాది. ఇంతవరకూ నాకు చేతులతో పని పడలేదు."

కోకిలాంబ మురిసిపోయింది. "ఎంత హుందాగా ఉందో! పిల్లలున్నట్టే తెలియదు!"

మరునాడు భల్లమ్మ ఆ గొట్టంలో దూరింది. ముందు కాళ్లు లోపల ఇరుక్కుపోయాయి. వెనక కాళ్లతో గెంతుతూ బయలుదేరింది. నేరేడు వీపు మీదికి ఎక్కింది, జారింది. ఎక్కింది, జారింది. అయిదోసారి తల్లి తోకను వెతికింది; ఎలుగులకు తోక ఉండీ లేనట్టే. ఆరోసారి జారి వాగు ఒడ్డున పొదల్లో పడింది. గెంతుతున్న తల్లికి ఆ సంగతి ఇరవై గెంతుల దాకా తెలియలేదు.

వెనక్కి తిరిగి చూసేసరికి, పొదకు అవతల చిరుతపులి కూర్చుని, తొందరేమీ లేనట్టు పంజా నాకుకుంటోంది.

భల్లమ్మ ఆ గొట్టాన్ని విప్పలేదు. చీల్చింది. నాలుగు కాళ్ల మీద పరిగెత్తుకొచ్చి, పిల్లను వీపు మీద వేసుకుని, చిరుత వంక ఒక చూపు చూసింది. చిరుత, దారిన పోతూ ఆగానన్నట్టు లేచి వెళ్లిపోయింది. నేరేడు రెండు పిడికిళ్లూ బిగించి, ఆ పూట సాయంత్రం దాకా వదల్లేదు.

కార్యాలయంలో మెమో సిద్ధంగా ఉంది. "ప్రభుత్వ దుస్తులను చింపినందున భల్లమ్మను సస్పెండు చేయడమైనది. పున్నమి నాడు పొరుగు అడవి నుండి నలభైమంది అతిథులు మన ఆదర్శ యూనిఫాం చూడడానికి వస్తున్నారు. ఆనాటికి మరొక యూనిఫాంలో హాజరు కానిచో ఉద్యోగమును, గుహను ఖాళీ చేయవలెను."

"గుహ పోతే ఎక్కడుంటాం వదినా? ఇక మిగిలింది చిరుత గుట్ట ఒక్కటే" అన్నది భల్లమ్మ.

"పిల్లను నా గూట్లో పెట్టమందును గాని" అన్నది కాకమ్మ, "నా పిల్లలకే చోటు లేదు. పైగా దీన్ని పెడితే కొమ్మ విరిగి అందరం అధ్యక్షురాలి నెత్తిన పడతాం. అలా పడినా బాగానే ఉంటుందనుకో!"

భల్లమ్మ నవ్వలేకపోయింది.

పున్నమి పగలు వచ్చింది. సిబ్బంది అందరికీ ఆదర్శంగా ఉండాలని ఆ రోజు పై అధికారులు కూడా యూనిఫాం తొడుక్కున్నారు. మృగరాజు జూలంతా లోపలికి కుక్కారు. చేతులు లేకపోవడంతో ఎవరూ నిలబడలేకపోయారు. అందరినీ దొర్లించుకొచ్చి వరుసలుగా పడుకోబెట్టారు. చూడడానికి ఎంతో క్రమశిక్షణగా ఉంది. అజగరం మాస్టారు మాత్రం అతిథులు ఎవరో వినగానే, ఒంట్లో నలతగా ఉందని సెలవు పెట్టి పుట్టలో దూరాడు.

అంతలో ఉద్యోగం నిలబెట్టమని ఆఖరిసారి వేడుకోవడానికి భల్లమ్మ కూతురితో సహా వచ్చి, చివరి వరుస పక్కన నిలుచుంది. ఒంటి మీద సొంత బొచ్చు తప్ప ఏమీ లేదు.

"అతిథులు వచ్చేశారు!" అని కాకమ్మ చెట్టు మీది నుంచి అరిచింది. తరువాత కళ్లు చిట్లించి చూసి, గొంతు తగ్గించింది. "అయ్యో రాత! ముంగిసలు!"

పొరుగు అడవి కార్యాలయం నడిపేది ముంగిసలే. ఆహ్వానం పంపింది జంబుకరావే. దండలు ఎన్ని కావాలో లెక్క చూసుకున్నాడు గాని, ఆ దండలు ఎవరి మెడలో పడతాయో చూసుకోలేదు.

నలభై ముంగిసలు వాకిట్లో ఆగాయి. ఎదురుగా మచ్చమచ్చల గొట్టాలు వరుసలుగా కదులుతున్నాయి. ముంగిసల ఒళ్లు గగుర్పొడిచింది. వాటి నాయకుడు కళ్లు తుడుచుకున్నాడు.

"విందు ఉంటుందని రాశారు గాని, ఇంత ఘనంగా చేస్తారనుకోలేదు" అని ఒక్క దూకు దూకాడు.

ఆ తరువాత జరిగింది కార్యక్రమ పట్టికలో లేదు. ముంగిసలు దొరికిన తోకను దొరికినట్టు కొరికాయి. జంబుకరావు దొర్లుతూ కేకలు పెట్టాడు.

"నేను నక్కనండీ! కార్యదర్శిని!"

"ఇంతవరకూ ఏ పామూ తాను పామునని ఒప్పుకోలేదు" అన్నాడు నాయకుడు, పళ్లు బిగించి.

కోకిలాంబ ముక్కు బయటపెట్టి, "భల్లమ్మా! తల్లీ! అమ్మా!" అని పిలిచింది. ఎవరినైనా అమ్మా అని పిలవడం ఆమెకు అదే మొదలు.

పుట్టలు తవ్వే గోళ్లు భల్లమ్మవి. ఒక్క గీతతో కోకిలాంబ గొట్టం చీలింది. ఆమె పాట లేకుండా ఎగిరిపోయింది. మరో గీతతో జంబుకరావు గొట్టం చీలింది. అతడు వెనకాముందూ చూడకుండా భల్లమ్మ వీపు మీదికి ఎగబాకాడు. తోకకు కుబుసం ముక్క ఇంకా వేలాడుతోంది. దాన్ని చూసి పది ముంగిసలు వెంటబడ్డాయి. భల్లమ్మ వాగు వైపు పరుగు తీసింది.

"జారిపోతున్నానమ్మో!" అని ఏడ్చాడు కార్యదర్శి.

అతడి ముందు కూర్చున్న నేరేడు వెనక్కి తిరిగింది. అంతకు ముందు అది అధికారులతో మాట్లాడి ఎరగదు.

"బొచ్చు పట్టుకో మామా. ఒక్క చేత్తో కాదు, రెండు పిడికిళ్లతో. అమ్మ పరిగెత్తేటప్పుడు కిందికి చూడకు. ఏడుపొస్తే బొచ్చులో మొహం పెట్టుకుని ఏడువు. నేనూ అంతే."

జంబుకరావు అక్షరాలా అలాగే చేశాడు.

అక్కడ ముక్కు మీద కాటు పడేదాకా మృగరాజు నిద్ర లేవలేదు. లేచి, వాగు దాకా వినిపించేలా గర్జించాడు. పాములు గర్జించవన్నది ముంగిసలకు కూడా తెలుసు. అవి నోట్లో ఉన్న తోకలు మర్యాదగా ఉమ్మేసి, క్షమాపణ చెప్పి, దండలు వేయించుకుని వెళ్లిపోయాయి.

మరునాడు ఉపసంఘం కట్లు కట్టుకుని సమావేశమైంది. యూనిఫాంలో లోపం లేదని, అతిథుల చూపులో లోపం ఉందని తేల్చింది. అయితే ఎలుగుబంటి బొచ్చు గురించి కార్యదర్శి స్వానుభవంతో మాట్లాడినందున, సస్పెన్షను ఎత్తివేసి ఒక తాఖీదు రాశారు. "భల్లమ్మ తన సొంత బొచ్చును తానే ధరించుటకు, అందును బిడ్డ పట్టుకొనుటకు, ప్రత్యేక అనుమతి ఇవ్వడమైనది." దాని కింద మూలన ఇంకో ముక్క చేర్చారు: "ఈ అనుమతిని ఏటేటా అజగరం మాస్టారి వద్ద కొలత ఇచ్చి పునరుద్ధరించుకొనవలెను."

తాఖీదును పడమటి కొండకు చేర్చాల్సింది భల్లమ్మే. టపా మోసేవారు టపా చదవకూడదన్నది నియమం. ఆమె ఆకును నోట కరుచుకుని, బిడ్డను వీపున వేసుకుని, లోయ దిగింది. వాగు దాటేసరికి నేరేడు చిగుళ్లు మళ్లీ దురదపెట్టాయి. అది భుజం మీదుగా వంగి, ఆకు కింది మూలను కొరికి, నెమ్మదిగా నమిలి మింగింది.

పడమటి కొండ వారు మిగిలినదాని కింద "చూశాము" అని రాశారు. ఆ అనుమతి నేటికీ చెల్లుతోంది.

నీతి: ముఖ్యమైన కాగితాలను ఎల్లప్పుడూ పిల్లలకు అందేచోటే ఉంచవలెను.

కథ ఇక కంచి దారి పట్టింది. ఊ కొట్టినవారు ఇక నోటికి సెలవు ఇవ్వవచ్చు. దీన్ని నాకు మొదట చెప్పినది, చీర మీద తాతయ్య పాత చొక్కా తొడుక్కుని, మా అమ్మను వీపున కట్టుకుని పొగాకు చేలకు పనికి వెళ్లిన మా అమ్మమ్మ మాలకొండమ్మ.